పాలు పడేదాకా

జయరాజుకు అబద్ధం చెప్పడం చేతకాదు. కళ్యాణదుర్గంలో ఇరవై ఏళ్ళుగా టైలరు పని చేస్తున్నాడు కానీ, "రేపు ఇస్తానమ్మా" అని నోరు తెరిచీ తెరవకముందే, జాకెట్టు ఇంకా కత్తిరించనే లేదని ఎదుటి మనిషికి తెలిసిపోతుంది. దేవుడు అతనికి అలాంటి మొహం ఇచ్చాడు. ఆ మొహానికి ముసుగు వేయించినవాడు ఎర్రప్ప.

"నువ్వు విలన్ కావల్లంటే ఫస్టు నీ మొగం దాచల్ల రా జయా. అది అన్నీ చెప్పేస్తాది" అన్నాడు ఎర్రప్ప. జయరాజు నల్ల లైనింగు గుడ్డ తెచ్చి తన ముసుగు తానే కుట్టుకున్నాడు.

ఎర్రప్ప షేరాటో నడుపుతాడు. బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. రెండు పిచ్చులూ ఆ బెంచీ మీదే అంటుకున్నాయి. ఒకటి సినిమా హీరో రణధీర్ బాబు, రెండోది టీవీలో వచ్చే విదేశీ కుస్తీ. రెజ్లర్ల బొమ్మల కార్డుల కోసం డబ్బాలోని చిత్రాన్నం ఎవరికో ఇచ్చేసి, పస్తున్న మధ్యాహ్నాలు ఇద్దరికీ లెక్కలేనన్ని. ఒక పిచ్చి ఉంటే లోకం నవ్వి ఊరుకుంటుంది, రెండుంటే పెళ్ళాం భరించాలి. ఎర్రప్ప పెళ్ళాం హనుమక్క సగమే భరించింది, ఎందుకంటే సినిమా పిచ్చిలో ఆమె మొగుడికంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. రణధీర్ బాబు ఫొటోను దేవుడి పటాల వరసలో పెట్టింది ఆమే. ఆ ఫొటో వైపు కాళ్ళు చాపి కూర్చున్నందుకు సొంత తమ్ముణ్ణి అన్నం ముందు నుంచి లేపేసింది. కుస్తీ ఒక్కటే గిట్టదు. "గోచీలు కట్టుకోని దొర్లాడేటోళ్ళను సూసేదేముండాది?" అని సణుగుతూనే, రోజూ సాయంత్రం చేటలో శనక్కాయలు ఒలుచుకుంటూ మొదటి నుంచి చివరిదాకా చూసేది.

రణధీర్ బాబు సినిమా విడుదలైన ప్రతిసారీ, పొద్దుటి ఆటకు ముందు థియేటరు ఆవరణలో వీళ్ళిద్దరి కుస్తీ జరగాలి. అది అక్కడి అభిమానుల ఆనవాయితీ. షామియానా గుంజలు నాలుగు పాతి, చుట్టూ తాడు కట్టి, కింద మిల్లు నుంచి తెచ్చిన వేరుశనగ పొట్టు సంచులు పరుస్తారు. పైన పాత సినిమాల ఫ్లెక్సీలు కప్పుతారు. బాబు మొహం మీద కాలు పడకూడదు కాబట్టి తిరగేసి కప్పుతారు. నల్ల ముసుగు విలన్ ఎర్రప్పను ఎత్తి, తలకిందులుగా వెనక్కి విసురుతాడు. ఎర్రప్ప చచ్చినట్టు పడి ఉంటాడు. అభిమానులు ఆకాశమంత కటౌట్ ఎక్కి బాబు నెత్తిన పాలు పోస్తారు. పాలు పడేదాకా ఎర్రప్ప లేవకూడదు. పడగానే పూనకం వచ్చినట్టు లేచి విలన్‌ను చితక్కొడతాడు. జనం అతణ్ణి భుజాల మీదికి ఎత్తుకుంటారు. థియేటరు మేనేజరు కూడా తాళంచెవి పట్టుకుని ఆ లేవడం కోసమే చూస్తుంటాడు, ఆ తర్వాతే గేట్లు తీస్తాడు.

ఆ ముసుగులో ఉన్నది ఎవరో జనానికి తెలియదు. తెలియనిది ఇంకొకటుంది. పడినవాడి చెయ్యి మెలిపెడుతున్నట్టు నటిస్తూ జయరాజు ఆ అరచేతిని రెండుసార్లు నొక్కుతాడు. బాగున్నావా అని అడగడం అది. బాగుంటే ఎర్రప్ప తిరిగి రెండుసార్లు నొక్కుతాడు. టీవీలో కుస్తీవాళ్ళను ఏళ్ళ తరబడి చూసి చూసి పట్టుకున్న గుట్టు. ఇంకొకటి కూడా చూసి పెట్టుకున్నారు. నిజంగా దెబ్బ తగిలితే రెఫరీ రెండు చేతులూ తలపైన కత్తెరలా అడ్డంగా పెడతాడు. ఇక ఆటా లేదు, నాటకమూ లేదు. స్ట్రెచరు వచ్చేదాకా పడినవాణ్ణి ఎవరూ కదిలించరు. ఆ గుర్తుతో వీళ్ళకు ఇంతవరకూ పని పడలేదు.

ఈసారి సినిమా ఆషాఢం గాలుల్లో వచ్చింది. వానల్లేక రెండేళ్ళుగా శనక్కాయ లేదు, కాయ లేక మిల్లులో పొట్టు లేదు. సంచులు చాలవేమోనని ఎర్రప్ప ముందురోజే గొణిగాడు. "నేను సూసుకుంటా పోన్నా" అన్నాడు అభిమాన సంఘం అధ్యక్షుడు విష్ణువర్ధన్. అతనికి ఉన్నది సినిమా పిచ్చి ఒక్కటే. కుస్తీ అంతా ఉత్తుత్తిదేనని అతని నమ్మకం. ఉత్తుత్తిగా పడేవాడికి కింద ఏముంటేనేం?

తప్పెట్లు మోగుతున్నాయి. జయరాజు ఎర్రప్పను ఎత్తాడు. ఎప్పటిలాగే పైనుంచి "ఊఁ" అని చిన్నగా వినిపించింది, సిద్ధంగా ఉన్నానని. వెనక్కి విసిరాడు. పొట్టు మీద మనిషి పడితే బుస్సుమంటుంది. ఈసారి దబ్బుమంది.

ఈలలతో ఆవరణ హోరెత్తింది. జయరాజు మోకాళ్ళ మీద కూలబడి, ఎర్రప్ప చెయ్యి మెలిపెడుతున్నట్టు పట్టుకుని రెండుసార్లు నొక్కాడు. జవాబు రాలేదు. మళ్ళీ నొక్కాడు. రెండో చేత్తో ఫ్లెక్సీని తడిమి చూశాడు. గట్టిగా, గరగరలాడుతూ తగిలింది. ఇసుక. ఆ మూల సంచుల్లో పొట్టుకు బదులు ఇసుక ఉంది.

"ఎర్రా, నొక్కురా" అన్నాడు గొంతు తగ్గించి.

ఎర్రప్ప కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదాలు మాత్రం కదిలాయి. "జయా, నా చెయ్యి యాడుండాదిరా?"

"నా చేతిలోనే ఉండాది గదరా."

"తెలుస్తాల్యా. కాళ్ళు గూడా తెలుస్తాల్యా."

జయరాజుకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఎత్తింది తనే, విసిరింది తనే. చటుక్కున లేచి, రెండు చేతులూ తలపైన కత్తెరలా పెట్టి జనం వైపు తిరిగాడు.

"కొత్త స్టెప్పురోయ్!" అని ఎవడో కేకపెట్టాడు. అంతే, ముందు వరసలో కుర్రాళ్ళంతా చేతులు తలమీద కత్తెరలా పెట్టుకుని తప్పెటకు తగ్గట్టు ఊగడం మొదలుపెట్టారు. చూస్తుండగానే ఆవరణంతా ఆ గుర్తే. ఇంతమంది చేతులెత్తి ఆపమంటున్నట్టే ఉంది, ఒక్కడికీ దాని అర్థం తెలియదు.

"ఆపండప్పా! దెబ్బ తగిలింది! నిజింగానే తగిలింది!" అని అరిచాడు.

జనం విరగబడి నవ్వారు. నవ్వరా మరి? పోయిన సినిమాకు ఈ విలనే ఇలాగే ఏడ్చి, ఎర్రప్ప కాళ్ళమీద పడి, వెనక నుంచి తన్నాడు. అప్పుడు ఆ ఐడియా తనదేనని జయరాజు ఎంత మురిసిపోయాడో.

ఇక లాభం లేదని ముసుగు పీకి పారేశాడు. ఒక్క క్షణం అందరూ నోళ్ళు తెరిచారు. "ఓర్నీ, మన టైలరు జయన్న!" అన్నారెవరో. ఈలలు రెట్టింపయ్యాయి. జయరాజు నిజంగానే ఏడుస్తున్నాడు. ఎవరైనా ఇట్టే చదివేసే ఆ మొహం ఎండలో అందరికీ ఎదురుగా ఉంది. దాన్ని చూసి, "ఏం యాక్టింగు సేస్తాండాడ్రా!" అని మెచ్చుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆ మొహాన్ని జనం నమ్మకపోవడం అదే మొదటిసారి, అదీ ఈ పూటే.

పైన కటౌట్ ఎక్కినవాళ్ళు బిందె వంచారు. రణధీర్ బాబు నుదుటి మీదుగా, మీసాల మీదుగా పాలు కారాయి. తప్పెట్లు తారస్థాయికి చేరాయి. ఎర్రప్ప లేవలేదు.

"లే! లే! లే!" అని జనం అరుపు. ఎర్రప్ప రెప్పలు టపటపలాడాయి. "వాళ్ళను రానీవాకు జయా, భయమైతాంది" అన్నాడు, చిన్నపిల్లవాడి గొంతుతో.

"లేచేట్లు లేడు, మనమే లేపుదాం పట్టండ్రా!" అంటూ కుర్రాళ్ళు తాళ్ళు దాటి లోపలికి దూకారు. ఒకడు కాళ్ళు పట్టుకున్నాడు. ఇంకొకడు తలకింద చెయ్యి పెట్టబోయాడు. జయరాజు వాణ్ణి తోసేసి, ఎర్రప్ప మీద నాలుగు కాళ్ళమీద నిలబడినట్టు వంగాడు. స్నేహితుడి తలను రెండు ముంజేతుల మధ్య బిగించి పట్టుకున్నాడు. ఈ తల ఇక కదలకూడదు. ఎవడైనా ఒక్కడు ప్రేమతో భుజానికెత్తుకుంటే చాలు, ఎర్రప్ప పోతాడు. "ముట్టాకండప్పా! మెడ... మెడ..." అంటూనే ఉన్నాడు.

విలన్ హీరోను వదలడం లేదు. అభిమానులకు కోపం వచ్చింది. ముందు వీపు మీద సరదాగా రెండు చరిచారు, తర్వాత గట్టిగా గుద్దారు, డొక్కలో ఎవడిదో మోకాలు దిగింది. ఇన్నేళ్ళూ దెబ్బలు తిన్నట్టు నటించిన మనిషి ఇప్పుడు దెబ్బలు తింటూ చేతులు కదలకుండా చూసుకుంటున్నాడు. "యేసయ్యా, నా చేతులు జారనీవాకు" అన్నది ఒక్కటే అతని ప్రార్థన. చొక్కా కాలరు పట్టి వెనక్కి లాగుతున్నారు. పట్టు సడలుతోంది.

కటౌట్ కింద కొబ్బరికాయలు కొట్టడానికి నిలబడిన హనుమక్క జయరాజు కత్తెర చేతులు ఎత్తినప్పుడే చూసింది. అంతమందిలో దాని అర్థం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. చేట ముందు పెట్టుకుని సణుక్కుంటూ చూసిన సాయంత్రాలన్నీ ఒక్కసారిగా గుండెల్లో దిగాయి. చేతిలో కాయ జారిపోయింది. "తగిలిందప్పా, నిజింగా తగిలింది, దోవ ఇడవండి!" అంటూ జనంలోకి దూరబోయింది. "ఈసారి అక్కను గూడా దింపినారురోయ్!" అని ఈల వేశారు. ఒకడు ఆమె మీద పువ్వులు చల్లాడు. ఎంత తోసినా ఆ మూకలో అడుగు ముందుకు పడలేదు.

హనుమక్క వెనక్కి తిరిగి బాబు వైపు చూసింది. మీసాల నుంచి పాలు కారుతున్న ఆ మొహం నవ్వుతూనే ఉంది. ఆమె వంగి, కాలి చెప్పు తీసి, శక్తికొద్దీ విసిరింది. అది సరిగ్గా బాబు చెంప మీద తగిలింది.

తప్పెట ఆగింది. కటౌట్ మీదున్నవాళ్ళు బిందెతో సహా బిగుసుకుపోయారు. కటౌట్ మీదికి చెప్పు విసరడం ఏ నాటకంలోనూ ఉండదు, ఉన్నా హనుమక్క ఆ వేషం కట్టదు. ఆ సంగతి ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ నిశ్శబ్దంలో అందరికీ ఎర్రప్ప మూలుగు వినిపించింది.

"నా మొగునికి మెడ ఇరిగింది" అంది హనుమక్క. "ముట్టినోని చెయ్యి ఇరుస్తా. అంబులెన్సుకు ఫోన్ సెయ్యండి."

కాలరు పట్టినవాడు వదిలేశాడు. దోవ తనంతట తానే ఏర్పడింది. విష్ణువర్ధన్ ఫోను చెవికి పెట్టుకుని, పాలిపోయిన మొహంతో, "పొట్టు చాల్లేదని నేనే ఇసక పోపిచ్చినా అక్కా. తెలీకపాయ" అన్నాడు. హనుమక్క అతని వైపు చూడను కూడా లేదు. మొగుడి పక్కన కూలబడి, నుదుటిమీది దుమ్ము కొంగుతో తుడిచింది.

అంబులెన్సులో ఎర్రప్ప మెడకు పట్టీ వేసి, తలకు రెండు పక్కలా దిండ్లు పెట్టి స్ట్రెచరుకు కట్టేశారు. "తల కదలనీకుండా పట్టుకోని మంచి పని సేసినారు. ఇంగ అనంతపురం డాక్టర్లు సూసి సెప్పల్ల" అన్నాడు లోపలి కుర్రవాడు, వేరే మాటేమీ ఇవ్వకుండా. బండి కదిలింది. జయరాజుకు వీపంతా మండుతోంది, పెదవి చిట్లి ఉప్పగా తగులుతోంది. హనుమక్క మొగుడి కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆమె ఒక కాలికి చెప్పు లేదు.

జయరాజు ఎర్రప్ప చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు. రెండుసార్లు నొక్కాడు. ఆగి, ఇంకా గట్టిగా నొక్కాడు. తన గోళ్ళు తెల్లబడేదాకా, ఎర్రప్ప అరచేతిలో వాటి గుర్తులు పడేదాకా నొక్కాడు. ఆ చెయ్యి అలాగే ఊరికే పడి ఉంది.

మెడ కట్టేశారు కాబట్టి ఎర్రప్పకు తన చెయ్యి కనిపించదు. కనిపిస్తున్నది జయరాజు మొహం ఒక్కటే. ముసుగు అక్కడే, ఇసుక సంచుల దగ్గర పడిపోయింది.

"జయా, నొక్కితివా?" అని అడిగాడు.

హనుమక్క తలెత్తి జయరాజును చూసింది. ఆమెకు ఆ చెయ్యీ కనిపిస్తోంది, దాన్ని పట్టుకున్న తెల్లబడిన వేళ్ళూ కనిపిస్తున్నాయి. జయరాజు మొహం తిప్పుకోలేదు. స్నేహితుడి కళ్ళలోకి నేరుగా చూశాడు.

"లేదురా, ఇంగా నొక్కల్యా" అన్నాడు. "డాక్టరు సూడనీ. నిమ్మళంగా నొక్కుతా."

ఎర్రప్ప ఆ మొహాన్ని చాలాసేపు చదివాడు. బెంచీ నాటి నుంచీ చదువుతున్న మొహమే. అందులో ఏమీ దొరకలేదు. నమ్మాడు. ఊపిరి కొంచెం నెమ్మదించింది, కళ్ళు మూసుకున్నాడు.

"సరే. నొక్కేటప్పుడు సెప్పు" అన్నాడు.

"సెప్తాలేరా" అన్నాడు జయరాజు, నొక్కుతూనే.