వంటింటి దాకా వచ్చిన గీత

"ఇంకో ఎనిమిది చాయ్ పంపు" అని మా ఆయన దుకాణంలోంచి కేక వేసేసరికి నేను జొన్నపిండి కలుపుతున్నాను. చేతులు కడుక్కొని, పప్పు గిన్నె దించి, మళ్ళీ చాయ్ గిన్నె ఎక్కించాను. పొద్దుటి నుంచీ ఇదే వరస. మాది ముందు దుకాణం, వెనక ఇల్లు. స్టీలు సామాన్లు అమ్ముతాం. వనపర్తి పాత బజారులో వంటింటికి కావలసింది ఏదైనా మా దగ్గర దొరుకుతుందని మామ తిరుపతయ్య బోర్డు మీద రాయించాడు. నా వంటింట్లో మాత్రం పిడి ఊడిన పెనం ఉంది. మార్చమంటే "అమ్ముకునే సరుకు వాడుకుంటే బర్కత్ ఉండదు" అంటాడు మా ఆయన శ్రవణ్. పిడి లేని పెనాన్ని గుడ్డతో పట్టుకుంటే ఆ బర్కత్, ఆ కలిసొచ్చే గుణం, ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలియదు.

మా ఊరు జిల్లా అయినప్పటి నుంచి ఆగకుండా పెరుగుతోంది. పల్లి చేలు ఉన్న చోట కొత్త కాలనీ లేచింది. ఉద్యోగాలంటూ, పిల్లల చదువులంటూ ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి చేరారు. వాళ్ళ కార్లూ బడి బస్సులూ మా బజారులోంచే పోవాలి. రోడ్డు చాలడం లేదని వాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. పోయిన నెల కొలతల వాళ్ళు వచ్చి మా దుకాణంలో గల్లాపెట్టె వెనక గోడ మీద ఎర్ర రంగుతో గీత గీసి పోయారు. గీతకు వీధి వైపున్నదంతా రోడ్డుకు పోతుంది. అంటే దుకాణం పోయినట్టే.

అందుకే ఈ మీటింగు. పాత బజారు మగవాళ్ళంతా మా దుకాణంలో కూర్చున్నారు. మా ఆయన గొంతు లోపలికి వినిపిస్తోంది. "తాతల కాడి నుంచి ఉంటున్నం. నిన్నమొన్న వచ్చినోళ్ళకు తొవ్వ చాల్తలేదని మా ఇండ్లు కూలగొడ్తరా? మా ఇంటికొచ్చి, మా గోడ మీద గీత గీసి, మమ్మల్ని ఒక్క మాట అడిగిన్రా?"

నాకు నవ్వు వచ్చింది. చాయ్ పొంగి పొయ్యి మీద పడింది, అయినా నవ్వు ఆగలేదు. తర్వాత కోపం వచ్చింది.

ఎందుకంటే పోయిన ఆదివారం ఇదే వంటింట్లోకి మామ, మా ఆయన, మేస్త్రీ భీమన్న వచ్చారు. నేను కింద కూర్చుని రొట్టె తడుతున్నాను. "జర పక్కకు జరుగు" అన్నాడు మా ఆయన. పిండి పళ్ళెం లాక్కొని జరిగాను. భీమన్న నా పొయ్యి మీదుగా టేపు పట్టాడు. మామ చెయ్యి చాపి చూపించాడు. "దుకాణం ముందటి అర్రలకు జరుగుతది. ముందటి అర్ర ఈ గోడ దాక వస్తది." అంటే దుకాణం ముందు గదిలోకి, ముందు గది నా వంటింట్లోకి. భీమన్న తల గోక్కున్నాడు. "మరి వంట యాడ చేస్తరు పటేలా?" అని అడిగింది అతనొక్కడే. మా ఆయన ఆలోచించను కూడా లేదు. "బాత్రూం పక్కన మెట్ల కింద జాగ ఉన్నది గద. నాలుగు రేకులేస్తే అయిపాయె. వంట ఎంత సేపు, ఏడనన్న చేస్కోవచ్చు." అత్తమ్మ అలివేలమ్మ గడప మీద నిలబడి ఉంది. "నేను వాకిట్ల వానకు తడుసుకుంట చెయ్యలేదా" అంది. అది నా మీద విసురో, మామ మీద విసురో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

భీమన్న ఇటుక ముక్కతో నా కిటికీ పక్కన గోడ మీద నిలువుగా గీత గీశాడు. ఇటుక పొడి రాలి పిండిలో పడింది. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ పొడిని వేలితో ఏరుతూ కూర్చున్నాను. ముందు గదిలోంచి "రొట్టెలు ఏమాయె?" అని వినిపించింది.

వంటిల్లు నాకు గుడేమీ కాదు. నా నడుము అందులోనే విరిగింది. అయినా ఈ ఇంట్లో తలుపు దగ్గరకు వేసుకుంటే ఎవరూ రాని చోటు అదొక్కటే, ఎందుకంటే వస్తే పని చెయ్యాల్సి వస్తుందని అందరికీ భయం. హాస్టల్లో ఉన్న నా బిడ్డతో ఫోన్లో మాట్లాడేది అక్కడే, అప్పుడప్పుడు ఏడ్చేది అక్కడే, ఉల్లిగడ్డల మీదికి తోసేది అక్కడే. ఆ కిటికీ కోసం నేను ఏడాదంతా పోట్లాడాను. "వంటింటికి కిటికీ ఎందుకు, దొంగలకు తొవ్వనా?" అన్నాడు మామ. చివరికి పొగకు అత్తమ్మ దగ్గు ఎక్కువై డాక్టరు చెబితే పెట్టించారు. ఇప్పుడు పొద్దున్నే ఎండ వచ్చి పొయ్యి గట్టు మీద పడుతుంది, వెనక గల్లీలో ఎవరు పోతున్నా ఒక మాట కలుస్తుంది. మెట్ల కింద నిటారుగా నిలబడితే తల తగులుతుంది. ఆ గీత గీసినప్పటి నుంచి ఏ పని చేస్తున్నా కళ్ళు దాని మీదికే పోతున్నాయి. పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తున్నాను. గీత తుడిచేద్దామని తడిగుడ్డ తీసుకుంటాను, మళ్ళీ మెల్లగా పక్కన పెట్టేస్తాను. ఎవరికి భయపడుతున్నానో నాకే తెలియదు.

చాయ్ పళ్ళెం పట్టుకొని దుకాణంలోకి వెళ్ళేసరికి అర్షియా మేడం కుక్కరు రబ్బరు కోసం వచ్చి నిలబడి ఉంది. ఆడపిల్లల కాలేజీలో లెక్చరర్. గద్వాల నుంచి బదిలీ మీద వచ్చి కొత్త కాలనీలో ఉంటోంది. ఎప్పుడు వచ్చినా "రేణుకా, బాగున్నవా?" అని లోపలికి తొంగి చూసి మరీ అడుగుతుంది. ఆ రోజు ఆమెకు అంత సందు ఇవ్వలేదు.

"మేడం, అర్జీల మీ సంతకం గూడ ఉన్నదంట గద?" అన్నారెవరో.

"ఉన్నది" అంది ఆమె. "మా పక్కింటామెకు నొప్పులొస్తే ఆటోల తీస్కపోతుంటిమి. మీ బజార్ల ఇర్కపోయినం. ఆమె ఏడుస్తుంది, ముందట ఎడ్లబండి, ఎనక బస్సు. సంతకం పెట్టకుంట ఏం చెయ్యాలె?"

"మీకేం మేడం, రేపు బదిలీ అయితే పోతరు. ఉండేటోళ్ళం మేము" అన్నాడు మా ఆయన.

"నేను గూడ ఈ ఊర్లనే కిరాయి కడ్తున్న అన్నా. మీ దుకాణంలనే గిన్నెలు కొంటున్న. ఎన్నేండ్లు ఉంటే ఊరోళ్ళం అయితమో జర చెప్పుండ్రి."

 మా ఆయన రబ్బరు చేతిలో పెట్టి, ఆమె మెట్లు దిగాక, "ఆడోళ్ళతోని మాటలేంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఖాళీ గ్లాసులు ఏరుకొని లోపలికి వచ్చేశాను.

ఆ ప్రశ్న మాత్రం నాతో పాటు లోపలికి వచ్చింది. ఎన్నేళ్ళు ఉంటే? నేను బల్మూర్ నుంచి పెళ్ళి చేసుకొని వచ్చాను. బిడ్డ ఇంటర్ చదువుతోంది. ఇప్పటికీ కూరలో కారం ఎక్కువైతే "బల్మూర్ వంట" అంటారు. ఇంటి విషయంలో నోరు తెరిస్తే "బయటి నుంచి వచ్చినదానివి, నీకేం తెలుసు" అంటారు. అత్తమ్మది శ్రీరంగాపూర్. ఈ ఇంట్లోనే ఆమె పళ్ళన్నీ ఊడిపోయాయి. ఇవాళ్టికీ మామకు కోపం వస్తే "మీ శ్రీరంగాపూరోళ్ళ తెలివి గింతే" అంటాడు. అట్లా చూస్తే ఈ ఇంట్లో పాతవాళ్ళు మగవాళ్ళు మాత్రమే. అత్తా కోడళ్ళం మేమిద్దరం కొత్త కాలనీ.

దుకాణం పోతుంటే నాకు బాధ లేదని కాదు. ఆ గిన్నెల మీదే మా తిండి, నా బిడ్డ చదువు. అర్షియా మేడం చెప్పింది నిజమే, మా ఆయన ఏడుపూ నిజమే. కానీ రోడ్డు వచ్చి మగవాళ్ళ చోటు తీసుకుంటే అది అన్యాయం, వాళ్ళు వచ్చి నా చోటు తీసుకుంటే అది సర్దుబాటు. తనకో న్యాయం, పక్కవాళ్ళకో న్యాయం అని ఊరికే అన్నారా!

ఆ సాయంత్రం మా ఆయన నా ఎదురుగా కూర్చొని, పెళ్ళయ్యాక ఎన్నడూ లేనంత శ్రద్ధగా నాతో మాట్లాడాడు. "రేపు ధర్నా. ఆడోళ్ళు ముందట కూసోవాలె. ఆడోళ్ళుంటే పోలీసోళ్ళు చెయ్యెయ్యరు. టీవీ వాళ్ళు మైకు పెడితే గిట్ల చెప్పు. మా బతుకు పోతుంది, మమ్మల్ని ఒక్క మాట అడగలే, గీత చెరిపేదాక లేవం. ఏదీ, చెప్పు." చెప్పాను. "జర గట్టిగ. మల్లొకసారి." మళ్ళీ చెప్పాను. ఆయనకు తృప్తిగా అనిపించింది. "పొద్దుగాల్నే పప్పు చేసిపెట్టు. రొట్టెలు ఇంటికొచ్చినంక వేడివేడిగ చేద్దువు" అని లేచాడు.

పొద్దున బజారు మధ్య టార్పాలిన్ పట్టా పరిచారు. అత్తమ్మ, నేను, మిగతా ఆడవాళ్ళం ఎండలో ముందు కూర్చున్నాం. మగవాళ్ళు వెనక దుకాణాల నీడలో నిలబడి నినాదాలు అందిస్తున్నారు. రెండు వైపులా కాలనీ బండ్లు ఆగిపోయి హారన్లు మోగిస్తున్నాయి. "ఊరంతా మీదేనా?" అని ఒకాయన కారులోంచి అరిచాడు. "మీ అయ్యదా?" అని నీడలోంచి జవాబు పోయింది. అర్షియా మేడం స్కూటీ ఆపుకొని అంచున నిలబడింది.  చీర అంచు పట్టుకొని మడత పెడుతున్నాను, విప్పుతున్నాను. నేర్పిన మాటలు నోట్లో తిరుగుతున్నాయి. ఎన్నిసార్లు తిప్పినా అవి దుకాణం వైపు పోవడం లేదు, ఇంట్లోకే పోతున్నాయి.

టీవీ అబ్బాయి వంగి నా ముందు మైకు పెట్టాడు. "అమ్మా, మీ ఇంట్ల ఏం పోతుందమ్మా?"

"వంటిల్లు" అన్నాను.

వెనక నుంచి మా ఆయన "దుకాణం, దుకాణం" అని అందించాడు.

"వంటిల్లు ఎనక ఉంటది గదమ్మా. రోడ్డు అందాక రాదు గద?"

"రోడ్డు రాలే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "రోడ్డు దుకాణం కాడనే ఆగింది. ఆడికెంచి వంటింటి దాక గీత గీసింది మా ఇంటోళ్ళు. నేను ఆడనే కూసోని రొట్టెలు చేస్తున్న. నన్ను ఒక్క మాట అడగలే."

హారన్లు మోగుతూనే ఉన్నాయి. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు నన్ను చూసి, తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. మా ఆయన నీడలోంచి పరుగున వచ్చాడు. "ఆమెకు తెల్వదు అన్నా, అది తీసెయ్" అని టీవీ అబ్బాయితో నవ్వుతూ చెప్పి, నా వైపు తిరిగేసరికి ఆ నవ్వు లేదు. "లే. ఇంటికి నడువు. రొట్టెల యాళ్ళాయె."

"గీత చెరిపేదాక లేవొద్దని మీరే చెప్పిన్రు గద."

"ఏ గీత?"

"ఇంట్ల గీత. చెరిపినంక పిలువుండ్రి, వస్త."

ఆయన అత్తమ్మ వైపు చూశాడు. ఆమె అప్పటికే లేచి నిలబడి కొంగు దులుపుకుంటోంది. "అమ్మా, నువ్వన్న చెప్పు దానికి."

అత్తమ్మ నన్ను చూసింది. ఇంటి వైపు చూసింది. మెల్లగా మోకాళ్ళ మీద చేతులు ఆనించి, మళ్ళీ నా పక్కనే కూర్చుంది.

"మోకాళ్ళు గుంజుతున్నయి రా" అంది. "నువ్వు పోయి చెరిపిరా. అందాక మేం ఈడనే కూసుంటం."