రెండో గొట్టం, నాలుగో గొట్టం

నాకు అనుమానం ఎక్కువ. దుకాణంలో తూచి ఇచ్చిన పంచదారను ఇంటికొచ్చి మళ్ళీ తూచేది మా అమ్మ. ఆ గుణం నాకొచ్చింది, అన్నయ్యకు రాలేదు. అందుకే అతను వదిన మాటను కళ్ళు మూసుకుని నమ్ముతాడు.

వదినా నేనూ ఒకే ల్యాబ్‌లో పనిచేస్తాం. మా దగ్గర ఒకే బ్యాక్టీరియా రెండు రకాలు. ఒకటి ప్లేటు మీద నున్నగా మెరుస్తూ పెరుగుతుంది, రెండోది గరుకుగా. చంపేసిన నునుపు రకం నుంచి వదిన తెల్లటి పోగుల్లా డీఎన్ఏ తీసి, బతికున్న గరుకు రకానికి కలిపేది. వాటిలో కొన్ని నున్నగా మారేవి. వాటి సంతానమూ నున్నగానే పుట్టేది. తరాల గుణాన్ని మోసేది డీఎన్ఏనే అంటుంది వదిన. మా ల్యాబ్ పెద్దాయన నమ్మలేదు. ఆయన లెక్కలో ఆ పని ప్రోటీన్లది. శుక్రవారానికి తేల్చకపోతే వదిన పనిచేసే బల్ల ఇంకొకరికి ఇచ్చేస్తానన్నారు.

నా అనుమానం వేరు. వదిన ఎప్పుడు చేసినా కోరుకున్నదే వస్తోంది. చంపిన సరుకును విడిగా ప్లేటు మీద వేసి చూశాను, ఏమీ మొలవలేదు. ఇక మిగిలింది వదిన చెయ్యి. బల్ల పోతుందన్న భయంతో, ఎవరూ చూడకుండా బతికున్న నునుపు రకం ఒక చుక్క వేస్తోందేమో?

బుధవారం ఆమె భోజనానికి వెళ్ళగానే డీఎన్ఏ ఉన్న నాలుగు గొట్టాల్లో రెండోదానిలో, నాలుగోదానిలో ఒక ఎంజైమ్ వేశాను. అది డీఎన్ఏని మాత్రమే ముక్కలు చేస్తుంది, ప్రోటీన్ జోలికి పోదు. ఆ రెండింటిలో డీఎన్ఏ పోయాక కూడా నాలుగూ నున్నగా వస్తే దొంగ దొరికినట్టే. సాయంత్రం బస్సులో వదిన నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

శుక్రవారం పెద్దాయన ముందు నాలుగు ప్లేట్లూ పెట్టింది వదిన.

"ఒకటీ మూడూ నున్నగా వచ్చాయి సార్. రెండూ నాలుగూ రాలేదు. ఎందుకో నాకు తెలీదు."

రానివి రెండూ చెత్తబుట్టలో పారేసి ఉంటే అడిగేవాళ్ళు లేరు.

"తెలీకపోతే ఎలా అమ్మా? బల్ల ఖాళీ చెయ్యి," అన్నారాయన.

"నేను చెడగొట్టాను సార్," అన్నాను. మొత్తం చెప్పేశాను.

పెద్దాయన కళ్ళజోడు తీసి, ప్లేట్లు మళ్ళీ చూశారు. "డీఎన్ఏ పోయిన చోటే గుణం రాలేదు. పైగా ఈవిడకి ఏమీ తెలీదు!" ఆయన గొంతు మారిపోయింది. "మళ్ళీ చెయ్యండి. ఈసారీ ఏ గొట్టంలో వేశావో మీ వదినకి చెప్పకు."

బల్ల నిలిచింది. బయటికొచ్చాక వదిన అడిగింది.

"నువ్వు డీఎన్ఏని అనుమానించావా, నన్నా?"

"నిన్నే వదినా."

ఆ సాయంత్రం బస్సులో వదిన ముందు సీట్లో కూర్చుంది.

సోమవారం నాలుగు గొట్టాలూ తనే తెచ్చి నా ముందు పెట్టింది. "వేసుకో. నేను బయట నిలబడతాను," అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. బుధవారం దొంగతనంగా వేసినప్పుడు ఒక్క చుక్కా ఒలకలేదు. ఇప్పుడు మొదటి చుక్కే బల్ల మీద పడింది.