విమానం రేకు తపేలా

గిన్నెల మీద పేర్లు కొట్టించాలంటే తెనాలి బజారు మొత్తానికి ఫ్లోరెన్సే దిక్కు. నలభై ఏడేళ్ల మనిషి. మిషను పట్టిందంటే పెళ్లికూతురి పేరు, ఇచ్చినవాళ్ల పేరు చకచకా దింపేస్తుంది. ఇచ్చినవాళ్ల పేరు కాస్త పెద్దగా ఉండాలి. లేకపోతే ఊరుకుంటారా మనవాళ్లు!

ఆ పొద్దున రేపల్లె నుంచి నాగరత్నం అనే పెద్దావిడ సత్తు తపేలా ఒకటి తెచ్చింది. లోపల బరువుకి పొత్రం పెట్టి ఉంది.

"పాత పేరు గీకేసి మా మనవరాలు స్నేహ పేరు కొట్టమ్మా. జాగ్రత్త, పొత్రం తీస్తే పైకి లేస్తుంది."

"తెలుసులెండి పిన్నిగారూ," అని ఫ్లోరెన్స్ పొత్రం తీసి బల్ల మీద పెట్టి, తపేలాని మోకాళ్ల మధ్య బిగించింది. అది పడమరకి గుంజుతూనే ఉంది.

అలాంటివి ఈ చుట్టుపక్కల ఇంకో పదమూడు ఉన్నాయి. అన్నీ ఒకే విమానం రేకువి. డెబ్బై ఒకటి యుద్ధంలో పడమటి సరిహద్దు దగ్గర మనవాళ్లకి చిక్కిన శత్రువుల యుద్ధ విమానాన్ని తెచ్చి బాపట్లలో సిమెంటు దిమ్మె మీద నిలబెట్టారు. డెబ్బై ఎనిమిదిలో ఒకరోజు చూస్తే దిమ్మె ఒక్కటే మిగిలింది. కాపలా సీమోనే ముక్కలు చేసి అమ్ముకున్నాడన్నారు. ఉద్యోగం ఊడింది.

సీమోను ఫ్లోరెన్స్ తండ్రి. ఆ వారమే ఆమె పుట్టింది. "వెళ్లి బిడ్డని చూసుకుని రావయ్యా" అని నోటిమాటగా నాలుగు రోజులు పంపించిన ఆఫీసరు, తర్వాత "నేనెప్పుడు పంపాను?" అన్నాడు. అప్పట్నుంచి సీమోను పగలల్లా ఆ ఖాళీ దిమ్మె చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. అన్నం కూడా నిలబడే తింటాడు. కాళ్లు వాచిపోయాయి, ఇంకా తిరిగితే మనిషి దక్కడని డాక్టరు చెప్పేశాడు. "దొంగ అన్న పేరు పోయాకే కూర్చుంటా" అంటాడు ముసలాయన. నేను పుట్టకపోయినా బాగుండేదని ఫ్లోరెన్స్ ఎన్నిసార్లు ఏడ్చిందో. పదమూడు ఇళ్లూ తిరిగింది. అన్నీ కొట్లో కొన్నవే, ఆ రేకు ఎవరమ్మారో ఎవరికీ తెలీదు.

గరుకు కాగితం తీసి అంచు తిప్పింది. మేకుతో చుక్కలు చుక్కలుగా కొట్టిన పాత అక్షరాలు. "చి.సౌ. నాగరత్నం పెళ్లికి మేనమామ ప్రకాశరావు, ఆఫీసరు, బాపట్ల, సొంత రేకుతో చేయించిన కానుక. 1978."

చెయ్యి ఆగిపోయింది. ఆ ఆఫీసరే! దొంగసొత్తు మీద సొంత పేరు, అదీ హోదాతో సహా! కానుక మీద పేరు లేకపోతే ఆయనకి నిద్రపట్టదు కాబోలు.

"పిన్నిగారూ, ఇది చెరపలేనండి," అని ఫ్లోరెన్స్ జరిగిందంతా చెప్పింది. "ఒక్కసారి మా నాన్న దగ్గరికి రండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"చచ్చినవాడి పరువు తీస్తావా? చాల్లే!" తపేలా లాక్కుని నాగరత్నం విసవిసా వెళ్లిపోయింది. ఆ కోపంలో పొత్రం మర్చిపోయింది.

స్టేషన్లో రేపల్లె రైలు తూర్పువైపు, బాపట్ల వెళ్లే రైలు పడమటివైపు. పొత్రం లేని తపేలా ఆవిడ చెయ్యి పట్టుకుని ఈడ్చినట్టే ఈడ్చి బాపట్ల రైలెక్కించింది. "పెట్టె తలుపుకి అడ్డం నిలబడకండి మామ్మా" అన్నారెవరో. పొత్రం పట్టుకుని రొప్పుతూ వెనకే ఫ్లోరెన్స్ ఎక్కి, దాన్ని తపేలాలో వేసింది.

రైలు నిడుబ్రోలు దాటింది.

"నిజంగా నిలబడే తింటాడా?" అంది నాగరత్నం.

"అవునండి."

ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మా ఇంట్లో దీన్లోనే అన్నం వండేదాన్నే, పిల్లా."

బాపట్లలో సీమోను అన్నం క్యారేజీ దిమ్మె అవతలి మూల పెట్టి, కర్ర పోటేసుకుంటూ తిరుగుతున్నాడు. ఫ్లోరెన్స్ ఆయన వేలు పట్టుకుని ఆ చుక్కల మీద పెట్టింది. నాగరత్నం పక్కనున్న టీ బడ్డీ జనమంతా వినేలా ఆ పేరు చదివింది.

"విమానం తీసింది మా మామయ్యండి. ఈయన కాదు."

టీ తాగేవాళ్లు గ్లాసులు దించారు. అందులో ఒక పెద్దాయన లేచొచ్చి, "తప్పైపోయింది సీమోనూ, మేమూ అన్నాం," అన్నాడు.

సీమోను మెల్లగా దిమ్మె మీద కూర్చున్నాడు. ఫ్లోరెన్స్ భోరుమంది.

నాగరత్నం వంగి పొత్రం తీసేసింది. తపేలా లేచి, బడ్డీ రేకుల మీదుగా పడమరకి సాగింది. అలవాటు కొద్దీ సీమోను కర్ర అందుకుని లేవబోయాడు. మళ్లీ కూలబడ్డాడు.

"పోనీండమ్మా, నా డ్యూటీ అయిపోయింది," అని కాళ్లు చాపుకుని, కూతురి వైపు తిరిగాడు. "ఆ క్యారేజీ ఇలా తే. అన్నం తింటాను."