మాత్ర వేసుకునే రోజు

బస్సు నేనే నడుపుతున్నాను, కానీ స్టీరింగు నా మాట వింటున్నట్టు లేదు, రోడ్డే తనంతట తాను మలుపులు తీసుకుని టైర్ల కిందికి వస్తోంది, రెండు వైపులా పత్తి చేలు ఉన్నాయనుకుంటే కాసేపటికి అవి నీళ్లయి, నీళ్లలోంచి జనం చేతులెత్తి బస్సు ఆపమంటున్నారు, వెనక నుంచి "రైట్ రైట్" అని వినబడుతోంది. ఆ గొంతు స్వరూపది. ఆరేళ్లు నా బస్సులో కండక్టరుగా చేసిన స్వరూప పోయి ఎనిమిది నెలలైంది. ఆ సంగతి నాకు కలలో కూడా తెలుసు. ఆమెకు తెలుసో లేదో అన్న భయంతో అద్దంలోకి చూడను.

"సైదులన్నా, ఎన్క టైరు జూస్కో, గుంతున్నది" అంటుంది, ఎప్పటిలాగే.

చివరికి చూస్తాను. బస్సు లోపలి భాగం పొడుగ్గా పెరిగి ఆస్పత్రి వరండా అయింది, సీట్లలో కూర్చున్నవాళ్లంతా బుద్ధిగా చొక్కా చేతులు మడుచుకుని ఉన్నారు, స్వరూప టికెట్లు కొట్టకుండా ఒక్కొక్కరి చేతికి బీపీ పట్టీ చుట్టి రబ్బరు బుడ్డి నొక్కుతోంది, మెడలో వేలాడే టికెట్ మిషన్‌లోంచి టికెట్టు బయటికొస్తే చదివి చేతిలో పెడుతోంది. "నూటా ఎనభై. పారెయ్యకు పెద్దమనిషీ, చెకింగోళ్లు ఎక్కుతరు." ఆ పెద్దమనిషి టికెట్టు జేబులో పెట్టుకుని కిటికీలోంచి నీళ్లు చూస్తాడు. నాకు నవ్వొస్తుంది, ఆ వెంటనే ఏడుపొస్తుంది.

అందరికీ ఇచ్చేసి వచ్చి నా పక్కన ఇంజను డబ్బా మీద కూర్చుంటుంది, జనం లేనప్పుడు ఎప్పుడూ అక్కడే కూర్చునేది.

"నువ్వే జెప్తివి గదన్నా" అంటుంది. కోపం లేదు, రాబోయే స్టేజీ పేరు చెప్పినట్టే చెబుతుంది. "డ్యూటీ నాడు ఏసుకోకు, ఆఫ్ నాడు ఏసుకో అని."

నిజమే, నేనే చెప్పాను. మా ఇద్దరికీ బీపీ ఉందని ఒకే రోజున తెలిసింది, ఏదో ఊళ్లో బస్సు ఆగినప్పుడు అక్కడ ఉచిత వైద్య శిబిరం పెట్టారు, సరదాకి చెయ్యి చాపితే డాక్టరు ఇద్దరికీ ఒకే మాత్ర రాసిచ్చి, రోజూ పొద్దున ఒకటి, మానొద్దు అన్నాడు. ఆ మాత్ర ఒంట్లో నీటిని మూత్రంగా పంపేస్తుంది, వేసుకుంటే గంటకోసారి వెళ్లాలి. మగవాణ్ని, నేను ఏ చెట్టు పక్కనో నిలబడితే అయిపోతుంది, అయినా బస్సాపితే టైము తప్పుతుందని నాకూ చిరాకే. ఆమె ఎక్కడికి వెళ్తుంది? అరవై మంది చూస్తుండగా "ఆపన్నా" అని ఎలా అడుగుతుంది? ఒకరోజు దేవులపాడు బస్టాండులో కళ్లనీళ్లు పెట్టుకుని, మాత్ర వేసుకున్న రోజు నరకం కనిపిస్తోందని చెప్పింది. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు కదా నాది, వక్కపలుకు నోట్లో వేసుకుని పెద్ద డాక్టరులా సలహా ఇచ్చాను. నేను చేసేదే చెప్పాను. ఆఫ్ రోజున ఒకటి, ఏటా డిపోలో చేసే పరీక్షకు ముందు వారం రోజులు వరసగా. "మంచి ఉపాయం జెప్పినవన్నా" అని తన డబ్బాలోని చిక్కుడుకాయ కూర సగం నాకు పెట్టింది. ఆ కూర తిన్నాను నేను.

"ఆనాడు బస్సుల ఊరి పేరు జెప్పవోతే నాలిక తిరగలే" అంటుంది ఇప్పుడు. "నువ్వు నవ్వులాట అనుకున్నవ్."

"అనుకున్న" అంటాను. మూడు రోజులు ఆస్పత్రిలో ఉంది, తలలో నరం చిట్లిందన్నారు. రెండేళ్లు వారానికి ఒక్క మాత్రతో నెట్టుకొచ్చిన మనిషి.

"డాక్టర్ను అడిగితే వేరే మాత్ర రాస్తుండెనంట గదా?"

"నీకెట్ల దెల్సు?"

"నా దినాలైనంక నువ్వే పోయి అడిగొస్తివి."

అడిగాను. ఎవరో తెలిసినామె గురించి అడిగినట్టు అడిగాను. అంత మూత్రం రాని మాత్రలు వేరే ఉన్నాయి, వచ్చి చెబితే మార్చేవాణ్ని కదా, మానెయ్యమని ఎవరు చెప్పారు అన్నాడు. ఎవరో అన్నాను. నా గురించి మాత్రం నోరు విప్పలేదు, నా బీపీ సంగతి డిపోదాకా వెళ్తే స్టీరింగు దగ్గర్నుంచి లేపేస్తారని నా భయం.

నాకు ఒక్కసారిగా బస్సు ఆపాలనిపిస్తుంది, బ్రేకు తొక్కుతాను, జనం లేరు, వరండా లేదు, నీళ్లు లేవు, కనుచూపు మేర కంది చేను ఒక్కటే నడుము ఎత్తున నిలబడి ఉంది. "దిగు స్వరూపా" అంటాను, "ఎవ్వలు లేరు, నేను అటు మల్లి కూసుంట, ఎంతసేపన్న పోయిరా."

ఆమె కదలదు. "ఇప్పుడు నాకు రాదన్నా" అంటుంది.

స్టీరింగు మీద తల పెట్టి క్షమించమని అడుగుతాను, ఆమె విన్నదో లేదో, కంది చేను వైపు చూస్తూ ఉంటుంది.

"నువ్వన్న ఏసుకుంటున్నవా?"

"ఏసుకుంటున్న."

"రోజూ?"

"రోజూ."

"ఒట్టు?"

"నీ మీదొట్టు."

స్వరూప పెద్దగా నవ్వుతుంది, నవ్వుతూనే దిగి తలుపు వేస్తుంది. "సచ్చినోళ్ల మీద ఒట్టేస్తే ఏమైతదన్నా?" అంటూ బస్సు రేకు మీద చేత్తో రెండుసార్లు కొడుతుంది, నేను వద్దు వద్దంటున్నా బండి కదులుతుంది.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది, ఎండ మంచం దాకా వచ్చింది. పొత్తికడుపు ఉబ్బిపోయి ఆగేలా లేదు. మంచానికి నాలుగడుగుల్లో బాత్రూం, తలుపు తీసే ఉంది, వెళ్లొచ్చాను. పొద్దుటి నుంచి ఇది అయిదోసారి. ఇవాళ నాకు ఆఫ్, టిఫిన్ కాగానే మాత్ర వేసుకున్నాను. రేపు దేవులపాడు డ్యూటీ. రేపు వేసుకోను.