ఏడోసారి తోటమాలిగా

ఓడ తలుపు పైకి లేచి, నీలం వెలుతురు నేలమీద పరుచుకుని, కెప్టెన్ గొంతు "అందరూ మేలుకున్నారా?" అని అడిగేసరికి ప్రూఫుగారు కళ్ళద్దాలు తుడుచుకోవడం పూర్తి చేశారు. ఆ దృశ్యానికి పదకొండు సెకన్లు పడుతుంది. కళ్ళద్దాలకూ అంతే. రోజూ పొద్దున్నే ఈ కంప్యూటర్ ఆటకి కొత్త కూర్పు వస్తుంది. రాత్రి ఎవరో ఏదో సర్దుతారు, అది సర్దబోయి ఇంకోటి చెడగొడతారు. అందుకని మొదటి దృశ్యం చూడందే ఆయన మరో పనికి పోరు. కెప్టెన్ ఎడమ చెవి నిన్న మాయమైంది. ఇవాళ ఉంది. కాగితం మీద టిక్కు పెట్టారు.

ఆయన వయసు యాభై ఆరు. పొట్టి మనిషి. మెడ కాస్త ముందుకు వంగి, ఎప్పుడూ ఎవరి భుజం మీదుగానో చదువుతున్నట్టుంటారు. ఆ వంపు అచ్చాఫీసులో వచ్చింది. ఇరవై నాలుగేళ్ళు అక్కడ ప్రూఫులు దిద్దారు. అది మూతపడ్డాక ఈ ఆటల కంపెనీలో, తెరమీద పడే మాటల్లో తప్పులు చూడటానికి మూడు నెలలకని చేరారు. మాటల్లోనే కాకుండా గోడల్లోనూ, నీడల్లోనూ, మనుషుల నడకలోనూ తప్పులు పట్టేస్తున్నారని గమనించి ఉంచేసుకున్నారు. అందరూ బగ్ అనేదాన్ని ఆయన ఇప్పటికీ అచ్చుతప్పనే అంటారు. ప్రూఫుగారనే పేరు అందుకే అతుక్కుంది. అసలు పేరు జీతాలిచ్చే విభాగానికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

చుట్టాల్లో ఈ ఉద్యోగానికి పెద్ద మర్యాద లేదు. బావమరిది కనబడినప్పుడల్లా, ఆడుతూ పాడుతూ బతికేస్తున్నావు బావా, అదృష్టమంటే నీదీ అంటాడు. ఒకే పుస్తకాన్ని ఏడుసార్లు, ప్రతి వాక్యం దగ్గరా ఆగి, వెనక్కి వెళ్ళి, కావాలని తప్పుదారి పట్టి మళ్ళీ చదవమంటే ఎలా ఉంటుందో అతనికి చెప్పాలని ప్రూఫుగారికి ఒకటి రెండుసార్లు అనిపించింది. చెప్పలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమెందుకని నవ్వి ఊరుకున్నారు.

ఆటలో ఒక ఓడ ఉంటుంది. వేలమందిని నిద్రపుచ్చి, ఎక్కడో ఉన్న మరో సూర్యుడి దగ్గరికి మోసుకుపోతుంటుంది. దారిలో కొందరు ముందే మేలుకుంటారు. ఓడలో గాలి అందరికీ చాలదని తెలుస్తుంది. కింది అంతస్తులో ఒక ఇనప తలుపు వెనక ఆరువందల మంది ఇంకా నిద్రలో ఉంటారు. వాళ్ళని లేపాలా, అలాగే వదిలెయ్యాలా అన్నది కథ. ఆడేవాళ్ళు మొదట్లోనే ఒక వేషం ఎంచుకోవాలి. ఆఫీసులో అందరూ క్లాస్ అంటారు గానీ ప్రూఫుగారికి వేషమే సరైన మాటగా తోచింది. సైనికుడు, వైద్యురాలు, పైలట్, మెకానిక్, వర్తకుడు, దూత, తోటమాలి. ఏ వేషం కట్టినవాడికి ఆ దారి, ఆ స్నేహాలు, ఆ ముగింపు. జనం ఒకసారి ఆడి పక్కన పారేయకుండా మళ్ళీ మళ్ళీ ఆడాలని కంపెనీ కోరిక. జనం మళ్ళీ మళ్ళీ ఆడాలంటే ముందు ఎవరో ఒకరు ఆడి చూడాలి.

ఆరు వేషాలు అయిపోయాయి. సైనికుడు ఆ ఇనప తలుపుని పేల్చాడు. మెకానిక్ తీగ కత్తిరించాడు. దూత కాపలావాణ్ణి మాటల్లో పెట్టాడు, వర్తకుడు కొనేశాడు, వైద్యురాలు లోపల అంటువ్యాధి ఉందని బొంకింది, పైలట్ ఓడ బయటనించి చుట్టూ తిరిగి వెనక కిటికీలోంచి దూరాడు. తోటమాలి చేతిలో ఒక బుట్ట, నీళ్ళ డబ్బా తప్ప ఏమీ ఉండవు. అతను తలుపు ముందు నిలబడి ఎదురుచూస్తాడు. నిజంగా ఇరవై నిమిషాలు. ఆ తర్వాత కాపలావాడి తల్లి, ఎప్పుడో తోటమాలి దగ్గర ఒక మొక్క తీసుకున్న ముసలావిడ, లోపలినించి తలుపు తీస్తుంది.

పదిన్నరకి మేనేజర్ వచ్చాడు. మంచివాడే. మూడు వారాలుగా నిద్రలేక కళ్ళకింద సంచులు వేలాడుతున్నాయి. బయటివాళ్ళు వందమందికి ఆట ఇచ్చి ఆడించి చూశారట. తోటమాలిని ఎంచుకున్నవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరూ తలుపు దగ్గరే మానేసి లేచిపోయారట. పైవాళ్ళు ఆ వేషం తీసేద్దామంటున్నారు. కానీ బాగున్నదాన్ని తీసేస్తే కథ రాసినవాళ్ళకి జవాబు చెప్పుకోవాలి, పాడైపోయిందంటే ఎవరూ అడగరు. ఇదంతా అతను ప్రూఫుగారి బల్ల అంచు గోటితో గీరుతూ చెప్పాడు.

"సాయంత్రానికి మీ రిపోర్టు కావాలి, ప్రూఫుగారూ. తోటమాలి నిలకడగా లేడని, ఆట మధ్యలో ఆగిపోతోందని అందులో ఒక్క ముక్క ఉంటే చాలు. తక్కింది నేను చూసుకుంటాను."

"చూస్తానండీ," అన్నారు ప్రూఫుగారు.

ఆ ఒక్క మాటతోనే ఆయన జీవితంలో సగం గడిచింది. అచ్చాఫీసులో యజమానికీ అదే మాట, ఇల్లు ఖాళీ చేయమన్న పెద్దమనిషికీ అదే మాట.

మేనేజర్ వెళ్ళాక ఎడమ భుజం నొక్కుకున్నారు. ఆట ఆడించే కంట్రోలర్ పట్టుకుని పట్టుకుని ఆ చెయ్యి కొన్నాళ్ళుగా మొద్దుబారుతోంది. ఇవాళ ఆ మొద్దుతనం దవడదాకా పాకింది. బొటనవేలికి చుట్టుకున్న గుడ్డపట్టీ సరిచేసుకుని, రోజూలాగే బూట్లు విప్పి బల్ల కిందికి నెట్టి మళ్ళీ కూర్చున్నారు.

మేనేజర్ అడిగింది పెద్ద విషయమేం కాదు. లోకంలో రోజూ జరిగేదే. అయినా చూడని దాని మీద సంతకం పెట్టడమంటే ఆయనకి ఒక మనిషి గుర్తొస్తాడు. అప్పటికి అచ్చాఫీసులో చేరి నాలుగేళ్ళయింది. పరీక్షా ఫలితాల పేజీ, అచ్చుయంత్రం ఆగి ఉంది, ఫోర్‌మన్ నెత్తిన కూర్చున్నాడు. చివరి వరస చదవకుండానే సంతకం పెట్టారు. మర్నాడు ఒకాయన పేపరు మడతపెట్టుకుని వచ్చి, వాళ్ళమ్మాయి నంబరు అందులో లేదనీ, బడిలో అడిగితే ప్యాసయిందన్నారనీ చెప్పాడు. అరవలేదు, తిట్టలేదు. రాత్రంతా పిల్ల గది తలుపు తీయలేదని మాత్రం అన్నాడు. మళ్ళీ వేస్తారా అని అడిగాడు. వేశారు, ఆరో పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో. ఆ తర్వాత ఇరవై ఏళ్ళూ ప్రూఫుగారు ప్రతి వరసా మూడుసార్లు చూశారు. మొదట అక్షరాల కోసం, తర్వాత అర్థం కోసం, ఆఖర్న కింది నుంచి పైకి. ఇంటికి ఆలస్యంగా వెళ్ళడం అలవాటైంది. పదోన్నతి రానూలేదు, ఆయన అడగనూలేదు.

మధ్యాహ్నం డబ్బా విప్పబోతుంటే భార్య ఫోన్ చేసింది. ఆవిడ ఇంట్లో మిషను పెట్టుకుని ఆస్పత్రి నర్సుల దుస్తులు కుడుతుంది. ఫోన్లో ఎప్పుడూ మిషను చప్పుడు వెనకనుంచి వినబడుతూనే ఉంటుంది. పిల్లల్లేరు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో చెప్పుకోవలసిన మాటలన్నీ అయిపోయి, చెప్పిన మాటలే మళ్ళీ చెప్పుకోవడంలో ఇద్దరికీ ఒక ఊరట దొరికింది. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్తారని అడిగింది. ఈ వేషం పూర్తికానీ అన్నారాయన.

"ఆరోది అయ్యాక వెళ్తానన్నారు."

"ఏడోదే ఆఖరు."

"మీ ఆఖరుకి ఆఖరెప్పుడండీ," అంది ఆవిడ. మిషను మళ్ళీ మొదలైంది. కోపంగా మాత్రం లేదు.

అన్నం సగమే తిన్నారు. రుచించలేదు.

మూడింటికి కథ రాసే అమ్మాయి వచ్చింది. ముప్ఫై దాటి ఉండవు. చేతిగోళ్ళు మొదలంటా కొరుక్కున్న మనిషి. పొద్దుటి సంగతి ఆమె చెవిన పడిందని నడకలోనే తెలిసిపోయింది. కానీ ఆ ఊసెత్తలేదు. ముసలావిడ మాట సరిగ్గా వినబడుతోందా అని మాత్రం అడిగింది. వినబడుతోందన్నారు. అచ్చుతప్పులు మూడున్నాయని చెప్పారు. బుట్ట ఒకచోట చేతికి అంటకుండా గాల్లో తేలుతోంది. ఒక మాటలో ఒత్తు పోయింది. నాలుగో ఘట్టంలో తోటమాలి నీడ రెండుసార్లు పడుతోంది. ఆమె రాసుకుంది. కలం మూత పెట్టి కూడా కదల్లేదు.

"ఆ ఇరవై నిమిషాలూ విసుగ్గా లేదా మీకు?"

ప్రూఫుగారు ఆలోచించారు. మొహమాటానికి అబద్ధమాడటం ఆయనకి ఎప్పుడూ సరిగా రాలేదు.

"విసుగేనమ్మా. కాళ్ళు లాగేసినంత విసుగు. కానీ ఆరుసార్లు ఆ తలుపుదాకా వెళ్ళాను, దానిమీద ఏముందో ఒక్కసారీ చూడలేదు. ఈసారి చేసేదేం లేక చూశాను. కింద పక్కన గీతలున్నాయి. పిల్లలు ఎత్తు కొలుచుకున్న గీతలు. ఒకటి మరీ చిన్నది, నా మోకాలంత."

ఆ అమ్మాయి తెరవైపు తిరిగింది.

"అవి నేనే గీయించాను. మూడేళ్ళయింది," అంది. "ఎవరికీ కనబడలేదనుకున్నా."

వెళ్తూ వెళ్తూ ఆయన మగ్గు తీసుకెళ్ళి కాఫీ నింపి తెచ్చి పెట్టింది. ఆఫీసులో ఆ పని ఎవరూ ఎవరికీ చేయరు.

నాలుగింటికి ప్రూఫుగారు రిపోర్టు రాయడానికి కూర్చున్నారు. మూడు తప్పులూ వరసగా, ఏ ఘట్టంలో, ఏ నిమిషంలో అన్నదానితో సహా రాశారు. కింద ఒక గడి ఉంటుంది, నిలకడ అని. ఆ గడి దగ్గర చాలాసేపు ఆగారు. మేనేజర్ పిల్లలు చిన్నవాళ్ళు. తను కాదన్నంత మాత్రాన ఆ వేషం ఉంటుందన్న నమ్మకమూ లేదు. పై నుంచి చెప్పినవాడి మాటే ఎప్పుడూ చెల్లుతుంది. ఇదంతా ఆయనకి తెలుసు. గడిలో 'ఉంది' అని రాశారు. మూడుసార్లు చదివి, పంపించేశారు.

పొద్దున వచ్చిన కూర్పులో తలుపు ఘట్టం అప్పటికే రెండుసార్లు చూశారు, అయినా మూడోసారి కూడా చూడాలనిపించింది. చూడకుండా వెళ్ళడం ఇష్టంలేకపోయింది. తోటమాలిని కింది అంతస్తుకి దింపి, ఇనప తలుపు ముందు నిలబెట్టి, కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకున్నారు. గోడల వెనక ఓడ గుర్రుపెడుతున్నట్టు సన్నటి చప్పుడు. నుదుటిమీద చెమట పట్టింది. గదిలో చల్లగానే ఉంది కదా అనుకున్నారు. తెరమీద తోటమాలి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్నాడు, బుట్ట కింద పెట్టాడు. ప్రూఫుగారు కూడా కుర్చీలో కొంచెం కదిలి వెనక్కి వాలారు. మోకాలంత ఎత్తున ఉన్న ఆ చిన్న గీత ఎవరిదై ఉంటుందో, ఆ పిల్ల లోపల నిద్రలో ఉందో, ముందే మేలుకున్నవాళ్ళలో ఉందో అడగాల్సింది అనుకున్నారు. రేపు అడగొచ్చు.

పక్క సీటులో చప్పుళ్ళు పరీక్షించే ఆవిడ కూర్చుంటుంది. కవల పిల్లల తల్లి. రోజంతా చెవులకి హెడ్‌ఫోన్లు బిగించుకుని తలుపులు, అడుగులు, వాన వింటుంది. పిల్లల్ని తీసుకొచ్చే వేళయిందని ఐదూ పదికి హెడ్‌ఫోన్లు తీసేసరికి పక్క తెరమీదినుంచి ఎవరో ముసలావిడ గొంతు వినిపించింది.

"కాళ్ళు నొప్పి పుట్టలేదూ? లోపలికి రా."

తలుపు బార్లా తెరిచి ఉంది. తోటమాలి అక్కడే నిలబడి ఉన్నాడు. అర నిమిషం ఆగి ముసలావిడ అదే మాట మళ్ళీ అంది. అడుగు ముందుకు పడటం లేదంటే ఏదో తప్పు దొరికింది కాబోలు, ఆయన దాన్నే చూస్తున్నారు కాబోలు అనుకుంది పక్క సీటావిడ. సంచి భుజాన వేసుకుని, పని చెడగొట్టకూడదని మెల్లగా చెప్పింది.

"అన్నయ్యగారూ, తలుపు తెరుచుకుంది."

ఇంకోసారి చెప్పింది. తర్వాత భుజం మీద చెయ్యి వేసింది.

కింది అంతస్తులో ఉండే డాక్టరు పరుగున వచ్చి చూసి, ప్రాణం పోయి అరగంట పైనే అయి ఉంటుందన్నాడు. బాధపడినట్టు ప్రూఫుగారి మొహంలో ఏమీ లేదు. ఆయన్ని తీసుకెళ్ళేటప్పుడు అందరూ లేచి నిలబడ్డారు. ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు. ఎవరో వెళ్ళి ముసలావిడ గొంతు ఆపేశారు.

కొన్నాళ్ళకి ఒకరోజు భార్య ఆయన సామాను తీసుకోవడానికి వచ్చింది. ఆ ఆఫీసు ఆవిడ ఎన్నడూ చూడలేదు. ఆయన ఎక్కడ కూర్చునేవారని అడిగి, ఆ కుర్చీలో కాసేపు కూర్చుంది. ఆయన ఆడిన ఆట ఏదని అడిగితే పక్క సీటావిడ పెట్టి చూపించింది. కెప్టెన్ గొంతు, అందరూ మేలుకున్నారా అని అడిగింది. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాలమ్మా అంది. ఆవిడకి ఒక సంచీలో డబ్బా, కళ్ళద్దాలు, మగ్గు సర్ది ఇచ్చారు.

తోటమాలి గురించి వారం తర్వాత మాట్లాడుకున్నారు. రిపోర్టులో నిలకడ ఉందని ఉన్నా తీసేద్దామనే పైవాళ్ళు అన్నారు. అయితే ఒక వేషం పీకేస్తే ఆ ఖాళీ వల్ల మిగతావాటిలో ఏమేం చెడుతుందో చూడటానికి తక్కిన ఆరూ మొదటినుంచి మళ్ళీ ఆడాలి. విడుదలకి ఐదు వారాలే ఉంది. అలా ఆడి చూడగలిగిన మనిషి ఇప్పుడు లేడని మేనేజర్ చెప్పాడు. ఉండనీ అన్నారు చివరికి. కథ రాసే అమ్మాయి ఆ మాట విని, ఒత్తు పోయిన మాట సరిదిద్దడానికి తన సీటుకి వెళ్ళింది.

ఆట బయటికి వచ్చింది. జనం ఎక్కువగా సైనికుణ్ణే ఎంచుకున్నారు. ఎక్కడో కొందరు తోటమాలిగా ఆడి, తలుపు మీద గీతలున్నాయని ఒకరికొకరు రాసుకున్నారు.

కొత్తగా చేరినవాళ్ళకి చోటు కావాలని ఒకరోజు బల్లలు జరిపారు. ప్రూఫుగారి బల్ల కింద, తీగల వెనక, ఒక జత బూట్లు కనిపించాయి. మేజోళ్ళు ఉండచుట్టి లోపల పెట్టి ఉన్నాయి. ఎడమ బూటు మడమ లోపలివైపు బాగా అరిగి, రెండోదానిమీదికి కొంచెం ఒరిగి ఉంది.