ఇంటి ట్రే

బస్సులో ఒక తల్లి కూర్చుని ఉంది. ఒళ్ళో ఏడాదిన్నర పిల్లవాడు. ఇంట్లో చెంచా కనిపిస్తే చాలు మూతి తిప్పేసుకునే ఆ పెద్దమనిషి, నక్షత్రంలా ఉన్న ఒక బిస్కెట్టు చేతికివ్వగానే బుద్ధిగా నమలడం మొదలుపెట్టాడు. "చక్కెర లేదు, రంగు లేదు, అంతా పండ్లూ కూరగాయలే" అని ప్యాకెట్టు మీద రాసి ఉంది. పోనీలే, ఈ వంకనైనా వీడి కడుపులోకి నాలుగు క్యారెట్ ముక్కలు పోతున్నాయని ఆ తల్లి నిశ్చింతగా కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఇలాంటి తల్లిని మీరు చూసే ఉంటారు. మీ ఇంట్లోనే ఉన్నా ఉండవచ్చు. ఆమెను అనడానికేమీ లేదు. అనవలసినది ఎవరినో తెలియాలంటే ఆ ప్యాకెట్టు తయారైన చోటికి వెళ్ళాలి. ముక్కు మూసుకుని రండి.

అది ఒక సందు చివర రేకుల షెడ్డు. లోపల రెండు ఓవెన్లు, ఒక గ్రైండరు, ఒక పొడవాటి స్టీలు బల్ల. బల్ల దగ్గర పండ్లు కోసే ఆవిడను అందరూ ముక్కుపిన్ని అంటారు. ఆవిడ ముక్కు పొడుగేమీ కాదు. కాకపోతే పండు రేపు కుళ్ళుతుందనగా ఇవాళే వాసన పట్టేస్తుంది. ఆరేళ్ళ కిందట యజమానురాలు ఆవిడను పనిలోకి తీసుకున్నదే ఆ ముక్కును చూసి. అప్పట్లో అమ్మగారు సొంత వంటింట్లో, చిన్న ఓవెన్‌లో, చుట్టుపక్కల పసిపిల్లల కోసం అరటిపండూ క్యారెట్ తురుమూ కలిపి బిస్కెట్లు కాల్చేది. నిజం చెప్పాలి కదా, అప్పుడు అవి బంగారంలా ఉండేవి.

తరవాత గిరాకీ పెరిగింది, షెడ్డు వచ్చింది. ఆ షెడ్డు ఎలా చెడిందో తెలుసుకోవాలంటే బల్ల కిందికి చూస్తే చాలు. పనికిరాని ముక్కలు పడెయ్యడానికి మొదటి ఏడాది అక్కడ ఒక పెద్ద టబ్బు ఉండేది. రెండో ఏడాది టబ్బు పోయి బకెట్టు వచ్చింది. ఇప్పుడు అక్కడున్నది ఒక మగ్గు. పండ్లు బాగుపడి కాదు. మార్కెట్లో సాయంత్రం మిగిలిపోయి, ఈగలు ముసిరి, ఇక పశువులకు వెయ్యడమే తరువాయి అన్న సరుకును బస్తాలకు బస్తాలు తెప్పించడం మొదలైన తరవాతే టబ్బు మగ్గయింది.

"సగం పండు పారేస్తున్నావేంటి పిన్నీ? మెత్తబడితేనే కదా తియ్యగా ఉండేది!" అనేది అమ్మగారు.

"ఇది మెత్తబడటం కాదమ్మగారూ, లోపలంతా నల్లగా ఉంది. చూడండి, బూజు కూడా పట్టింది."

"నూట ఎనభై డిగ్రీల వేడిలో బూజు బతుకుతుందా? పురుగు బతుకుతుందా? నిప్పు తగిలాక అన్నీ శుభ్రమే. నీ ముక్కు కాస్త ఇంట్లో పెట్టి రా."

ఆ నిప్పు మాట ఆ షెడ్డులో వేదవాక్కయింది. బంక కారే క్యారెట్లు, చెయ్యి వేస్తే గుజ్జులోకి దిగిపోయే ఆపిళ్ళు, తెల్లటి నూగు పట్టిన బొప్పాయి, అన్నీ తొక్కతో సహా గ్రైండర్లోకి పోయేవి. ఆ ముద్ద నీలం డ్రమ్ములో రాత్రంతా నానేది. పొద్దున మూత తీస్తే పైన నురగ, నురగ మీద చిన్న చిన్న ఈగలు. వాటిని గరిటెతో పక్కకు నెట్టి, వాసన చావడానికి దాల్చినచెక్క పొడి గుప్పించి, పిండి కలిపి నక్షత్రాలు అచ్చుపోసేవారు. ఒకసారి ఆపిల్‌తో పాటు తెల్లటి పురుగులు గ్రైండర్లోకి జారడం చూసి ఓవెన్ దగ్గరి పొయ్యి బాబాయి నవ్వాడు.

"ప్యాకెట్టు మీద మాంసకృత్తులు కూడా ఉన్నాయని రాయించాలి పిన్నీ!"

పిన్ని కూడా నవ్వింది. రాస్తుంటే నాకు రోత పుడుతోంది. చదువుతున్న మీకూ పుట్టాలి. పుట్టకపోతే ఈ కథ రాయడం దండగ.

ఆ షెడ్డులో ఇంకో ఆనవాయితీ ఉంది. రోజూ పొద్దున అన్నిటికంటే ముందు ఒక ట్రే కాలేది. దాన్ని 'ఇంటి ట్రే' అనేవారు. దానికి పండ్లు వేరే సంచిలో వచ్చేవి, ఎర్రగా, గట్టిగా, నిగనిగలాడుతూ. వాటిని రెండు సార్లు కడగాలి. చాకు వేడినీళ్ళలో ముంచాలి. గ్రైండరు కూడా వేరే. అది అమ్మగారి రెండేళ్ళ మనవడికి. "వాడిది సున్నితమైన కడుపు పిన్నీ" అని చెప్పేది. పెద్దింటి పిల్లలకు కడుపులు సున్నితంగా ఉండటం మామూలే అనుకుని పిన్ని ఆ ట్రే సంగతి ఎన్నడూ రెండోసారి ఆలోచించలేదు.

పిన్నికీ ఒక మనవరాలుంది. పదహారు నెలల పిల్ల. కూతురు కుట్టుపనికి పోతుంది. రోజూ షెడ్డులో విరిగిన బిస్కెట్లను పనివాళ్ళకు పంచేవారు. పిన్ని తన వాటా కవర్లో వేసుకుని సంబరంగా ఇంటికి తెచ్చేది. మూడు వారాలుగా ఆ పిల్లకు ఒకటే విరేచనాలు. మందు వేస్తే నాలుగు రోజులు తగ్గుతుంది, మళ్ళీ మొదలు. బుగ్గలు పీక్కుపోయాయి. నిలబడటం నేర్చిన పిల్ల మళ్ళీ పాకుతోంది.

"నీళ్ళు కాచి చల్లార్చే పడుతున్నానమ్మా," అంది కూతురు దిగులుగా. "నువ్వు తెచ్చే బిస్కెట్లు తప్ప బయటి తిండి ఒక్కటీ పెట్టట్లేదు. ఇంకేం చెయ్యాలో తోచట్లేదు."

"అవి మంచివేనే, పండ్లవి," అంది పిన్ని. అన్నదేగాని కూతురి కళ్ళలోకి చూడలేకపోయింది. మనసు మాత్రం నిప్పు మాటనే పట్టుకు వేళ్ళాడింది.

ఆ వారమే అమ్మగారు ఒక వేడుక తలపెట్టింది. నెలనెలా బిస్కెట్లు కొనే తల్లులను పిల్లలతో సహా షెడ్డుకు పిలిచింది, వచ్చి కళ్ళారా చూసుకోండని. ముందురోజే నేల కడిగించారు. బస్తాలూ డ్రమ్మూ వెనకగదిలోకి పోయాయి. బల్ల మీద మెరిసే ఆపిళ్ళను గుట్టగా పేర్చి, ఒక్కటీ ముట్టుకోవద్దని పనివాళ్ళను హెచ్చరించారు. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఆ షెడ్డును చూసే పుట్టిందేమో అనిపిస్తుంది.

పన్నెండు మంది తల్లులు వచ్చారు. అమ్మగారి కోడలు కూడా కొడుకును చంకనేసుకుని వచ్చింది. పళ్ళేల్లో రోజూ అమ్మే నక్షత్రాలే పంచారు. పిల్లలందరూ నములుతున్నారు, చొంగ కారుస్తున్నారు, ఒకరి చేతిలోది ఇంకొకరు లాక్కుంటున్నారు. అమ్మగారు మధ్యలో నిలబడి ఉపన్యాసం అందుకుంది.

"మీ పిల్లలు నాకు పరాయివాళ్ళు కారు. నా మనవడెంతో వాళ్ళూ అంతే. నా చేతులతో..."

ఆ మాట అక్కడే ఆగిపోయింది. కోడలి చంకలోంచి జారిన మనవడు పళ్ళెం దగ్గరికి నడిచి ఒక నక్షత్రాన్ని నోట్లో పెట్టుకున్నాడు.

అమ్మగారు ఒక్క ఉదుటున వెళ్ళింది. దారిలో ఎవరి పిల్లనో మోకాలితో నెట్టింది కూడా. మనవడి గడ్డం పట్టుకుని, నోట్లో చూపుడువేలు దూర్చి, నాలుక కిందా బుగ్గల సందునా గెలికి, నమిలిన ముద్దంతా బయటికి లాగింది. చాలక రుమాలుతో నాలుక తుడిచింది. పిల్లవాడు గుక్కపెట్టి ఏడ్చాడు. అమ్మగారు తలెత్తి చూస్తే పన్నెండు మంది తల్లులూ ఆవిడనే చూస్తున్నారు. వాళ్ళ పిల్లలు ఇంకా నములుతూనే ఉన్నారు.

"ఎందుకు తీసేశారండీ?" అడిగింది ఒకావిడ.

"వాడికి... పడదు."

"ఏది పడదు? క్యారెట్టా, అరటిపండా?"

పాపం కోడలు, ఏ కపటమూ ఎరగనిది, అడ్డుపడింది.

"అదేంటత్తయ్యా, రోజూ మీరు పంపే బిస్కెట్లేగా ఇవి! ఇంట్లో డబ్బా ఖాళీ చేస్తాడుగా?"

పిన్ని బల్ల అవతల నిలబడి ఉంది. ఆవిడ చూపు అమ్మగారి వేలి మీదే ఉంది, ఆ వేలికి అంటుకున్న ముద్ద మీద. ఆ క్షణంలో ఆవిడకు అర్థమైంది. నిప్పు అన్నిటినీ శుభ్రం చేస్తుందని ఇన్నేళ్ళూ చెప్పిన మనిషికే ఆ నిప్పు మీద నమ్మకం లేదు. ఎన్నడూ లేదు. పిన్ని వెనకగదిలోకి వెళ్ళి నీలం డ్రమ్మును నేల మీద ఈడ్చుకుంటూ తెచ్చింది. అందరి మధ్యా పెట్టి మూత తీసింది.

ఆ వాసనకు ముందు వరసలో ఉన్నావిడ వాంతి చేసుకుంది. మిగతా తల్లులు, ఎవరూ చెప్పకుండానే, తమ తమ పిల్లల నోళ్ళలో వేళ్ళు పెట్టి గెలకసాగారు. షెడ్డు నిండా పిల్లల ఏడుపులు.

"నీకు పిచ్చి పట్టిందా పిన్నీ? రేపటినుంచి పనిలోకి రానక్కర్లేదు!" అని అరిచింది అమ్మగారు.

"రానమ్మగారూ. నాకీ పని వద్దు."

అప్పుడు బిడ్డను భుజాన వేసుకున్న ఒక తల్లి పిన్ని వైపు తిరిగింది.

"ఆవిడ సంగతి తరవాత చూస్తాం. నువ్వు? ఇదంతా నీ చేతులతో కోసినదానివేగా! ఇన్నాళ్ళూ ఎలా ఊరుకున్నావు?"

పిన్ని తల దించుకుంది. తప్పించుకోవడానికి ఆవిడ దగ్గర మాటలు లేకపోలేదు. పనిమనిషిని, ఏం చెయ్యగలనని అనవచ్చు. ఆవిడ ఆ మాట అనలేదు.

"కోశానమ్మా. పురుగులు కనిపిస్తే నవ్వాను కూడా. ఇవే పట్టుకెళ్ళి నా మనవరాలికి పెట్టాను. అది మూడు వారాలుగా విరేచనాలతో నిలబడలేకుండా ఉంది. కాలిస్తే అన్నీ పోతాయని ఆవిడ చెప్పింది, నేను నమ్మాను. నమ్మితే నాకూ హాయిగా ఉంది కాబట్టి నమ్మాను. నా ముక్కు రోజూ వద్దంటూనే ఉంది." పిన్ని తన చేతులను ఒకసారి చూసుకుని తలెత్తింది. "నాకు చదువు లేదు. ఒక్కటి మాత్రం ఇవాళ తెలిసింది. మన బిడ్డ నోట్లోంచి వేలు పెట్టి లాగేసేదాన్ని ఇంకొకరి బిడ్డ నోటికి అందించామంటే, అది వ్యాపారం కాదు, పాపం. కోసిచ్చిన చెయ్యికీ ఆ పాపంలో వాటా ఉంటుంది."