ఈశాన్యం మూల కుండ

మొన్న పంజాగుట్ట దవాఖాన మెట్ల మీద, అందరు చూస్తుండంగ, ఇంజనీరు చక్రపాణి గల్లా పట్టిన. "లోపల మా అన్నకేమన్న అయితే నిన్ను బతకనియ్య!" అన్న. ఆయన నా చెయ్యి ఇడిపించుకోలే. "నాకూ అర్థం కావట్లేదు విజయేందర్ గారూ. ఒక్కసారి ఆ పునాది తవ్వి చూద్దాం," అన్నడు.

అమీర్‌పేట గల్లీల మాకున్నదే గా జాగ. ఒకప్పుడు పెద్ద బాయి ఉండె, ఇసుకతోటి పూడ్చిన్రు. దాని మీద హాస్టల్ కట్టాలని మా అన్న ఐలయ్య ఆశ. ఇసుకల మామూలు పునాది నిలవదని చక్రపాణి కొత్త తీరు చెప్పిండు. ఒక్కో పిల్లర్ కింద ఇసుకను కుప్ప పోసి, గుద్ది గుద్ది గట్టిజేసి, దాని మీద పల్చగ పెంకు లెక్క కాంక్రీటు పొయ్యాలె. అచ్చం గిన్నె బోర్లించినట్టుంటది. "బరువు మోసేది ఈ పెంకొక్కటే కాదండీ, లోపలున్న ఇసుక కూడా. మధ్యలో ఖాళీ ఉంటే పెంకు విరిగిపోతుంది," అన్నడు.

భూమిపూజ నాడు గందుకే లొల్లి. మా అమ్మ మంగవ్వ ఈశాన్యం మూల నవధాన్యాల కుండ పాతాలన్నది. కుండ పెట్టకుండ మా ఇంట్ల ఎవ్వలు పునాది పొయ్యలేదాయె. ఇంజనీరు ససేమిరా అన్నడు. "కొబ్బరికాయ కొట్టుకోండి. ఇసుకలో కుండ మాత్రం వద్దమ్మా." అమ్మ మూతి ముడుచుకొని కూసున్నది. నాకైతే నవ్వొచ్చింది.

మూడో స్లాబు పడ్డంక, మొన్న పొద్దుగాల అన్న కింద గోడలకు నీళ్లు కొడుతుండె. ఈశాన్యం పిల్లర్ ఒక్కసారే కుంగింది. స్లాబు మూల ఇరిగి ఆయన మీద పడ్డది.

ఇయ్యాల ఇంజనీరు, నేను నిలవడి తవ్విచ్చినం. పెంకు నడిమిట్ల ఇరిగున్నది. దాని కిందనే నలిగిన కుండ ముక్కలు, బూజుపట్టిన గింజలు. నీళ్ల కడవంత కుండ! మెడకు కట్టిన పేలిక మా అమ్మ పాత చీరది. చక్రపాణి నా దిక్కు చూసిండు. గంత సిగ్గు నేనెన్నడు పడలే.

అమ్మను తిట్టాలనే దవాఖానకు ఉరికిన. ఐసీయూ ముంగట నేల మీద కూసున్నది. నన్ను చూసి చెయ్యి పట్టి గుంజి, చెవుల చెప్పింది.

"ఫికర్ చెయ్యకు చిన్నోడా. ఎవ్వలకు చెప్పకు, కాంక్రీటు పోసే రోజు అందరు చాయ్‌కు పోయినప్పుడు నేను ఇసుకల కుండ పాతిన. గందుకే నీ అన్న పానం నిలవడ్డది. లేకుంటే గప్పుడే పోయేటోడు."

తిట్టుడు మాని ఆమె పక్కన కూసున్న.

గంతల డాక్టర్ బయటికొచ్చిండు. మమ్మల్ని చూసి తల అడ్డంగ ఊపిండు.

అమ్మ నా అంగి పట్టుకొని అడిగింది.

"కుండ చిన్నగైందారా? ఇంకింత పెద్దది పెడితే బతుకుతుండెనా?"

నాతోటి వచ్చిన చక్రపాణి నా వెనుకనే నిలవడి ఉన్నడు.

"లేదే అమ్మా," అన్న. "పెద్దగనే ఉండె."